ఖాళీ లేని చేతులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి తోడు చేతులు ఊరుకోవు. నోటితో ఏం మాట్లాడినా అవి కూడా అదే చెప్పేస్తుంటాయి. ఫోన్లో మాట్లాడుతున్నా అంతే, అవతలివాళ్ళకి కనపడదని తెలిసినా సరే. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, పెళ్ళితో వచ్చింది. మా ఆయనకి చెవులు వినపడవు. మా ఇంట్లో కబుర్లూ, అలకలూ, తగాదాలూ అన్నీ చేతుల మీదే నడుస్తాయి. గిన్నెలు తోముతూ దెబ్బలాడుకోవడం మాకు కుదరదు. ముందు చేతులు తుడుచుకోవాలి, తుడుచుకునేలోగా సగం కోపం దిగిపోతుంది. మా కాపురం అందుకే నిలబడిందని మా అమ్మ గట్టి నమ్మకం.

నేను చింపాంజీల ఆశ్రయంలో పనిచేస్తాను. సర్కసుల్లోంచి, ప్రయోగశాలల్లోంచి, ముచ్చట తీరిపోయిన పెద్దింటివాళ్ళ పెరళ్ళలోంచి వచ్చిన చింపాంజీలు మా దగ్గరుంటాయి. బోన్లు కడగడం, పళ్ళూ ఆకులూ కోసి పెట్టడం, తాళం వేశాక లాగి చూడటం, మళ్ళీ ఒకసారి లాగి చూడటం నా పని.

ఒక ఏడాది చలి తగ్గుతుండగా దొరసాని వచ్చింది. ఆ పేరు మేం పెట్టిందే. వట్టి నేల మీద కూర్చోదు, దుప్పటి మడత పెట్టుకుని దానిమీద కూర్చుంటుంది. అరటిపండు తిన్నాక మూతి తుడుచుకోవడానికి గుడ్డ కోసం చుట్టూ చూస్తుంది. చదువుకున్న మొగుడూ పెళ్ళాలు ఎవరో దాన్ని పసిగుడ్డుగా ఉన్నప్పుడే తెచ్చుకుని, ఇంట్లో పెంచి, చెవులు వినపడనివాళ్ళ చేతి భాష నేర్పారట. చింపాంజీకి మనిషి భాష పట్టుబడుతుందా లేదా అన్నది తేల్చడానికి. వాళ్ళు పట్టుబడింది అన్నారు. చూడ్డానికి వచ్చిన మిగతా పండితులు, అదేం కాదు, మీరు చేసింది చూసి చేస్తోంది, తిండి కోసం చేస్తోంది అన్నారు. ఈ గొడవ తెమలకుండానే దొరసాని పెద్దదైపోయి, కుర్చీలు విరగ్గొట్టి, ఒకరోజు ఇంటాయన వేలు కొరికింది. దాంతో ప్రశ్నా ఆగిపోయింది, పెంపకమూ ఆగిపోయింది.

దాన్ని గుంపు ఉండే ఆవరణ పక్కనే ఒక గదిలో పెట్టాం. మధ్యలో ఇనుప జాలీ. కొత్తవాళ్ళని అలాగే పెడతాం, ముందు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, వాసన పట్టుకుని, కోపతాపాలన్నీ జాలీ మీద తీర్చుకున్నాక తలుపు తీస్తాం. జాలీ అవతల చింపాంజీలు కనపడగానే దొరసాని గోడకి అతుక్కుపోయి, చేత్తో తొడ మీద చరుచుకోవడం మొదలుపెట్టింది. మావాళ్ళంతా భయపడుతోంది పాపం అనుకున్నారు. మా ఇంటి భాషలో మాత్రం అది ‘కుక్క’. వెంటనే రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి ఒకదాన్ని తెరిచింది. ‘తలుపు’. కుక్క, తలుపు. కుక్క, తలుపు. తనలాంటివాళ్ళని అది ఎన్నడూ చూడలేదు. ఒళ్ళంతా బొచ్చుంది, నాలుగు కాళ్ళ మీద నడుస్తున్నాయి, కాబట్టి కుక్కలు. తను మాత్రం మనిషి.

దాని సైగలకి ఎవరూ జవాబివ్వకూడదని డాక్టరమ్మ ముందే చెప్పింది. డాక్టరమ్మంటే మా జంతువుల డాక్టరు. మాకెవరికీ ఆ భాష రాదని ఆవిడ అనుకుంది. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కానీ నా చేతుల సంగతి మొదటే చెప్పానుగా. ఒక పొద్దున తాళాల బాబాయి, మా దగ్గర అందరికంటే పాత మనిషి, పరధ్యానంగా లోపలి తలుపు వేయకుండా బయటి తలుపు గడియ తీయబోయాడు. నేను బక్కెట్టు కింద పడేసి, “తలుపు! ముందు ఆ తలుపు బాబాయ్!” అని అరిచాను. చేతులు కూడా అరిచాయి.

బాబాయి కంటే ముందు దొరసాని ఆగిపోయింది. మెల్లగా ఊచల దగ్గరకి వచ్చి నిలబడింది. నా మొహం చూడలేదు, చేతులు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. కిక్కిరిసిన బస్టాండులో ఎక్కడో దూరంగా ఎవరో చేతులతో మాట్లాడుకోవడం కనపడితే మా ఆయన అలాగే చూస్తాడు. ‘రా’ అంది దొరసాని. ‘నువ్వు, రా.’ మొద్దు చేతులు, సగం మాట మింగేసినట్టు ఉంటుంది. అయినా తెలుస్తుంది.

‘వస్తున్నా’ అన్నాయి నా చేతులు. ఒక్క మాటే. అంతే, చేజారిపోయింది.

ఆ రోజునుంచి నేను ఉన్నంతసేపూ అది ఊచల్ని వదిలేది కాదు. దుప్పటి తెచ్చుకుని, గుంపుకి వీపు పెట్టి నా ఎదురుగా కూర్చునేది. ఇంటికి రాగానే మా ఆయన అడిగేవాడు. “ఇవాళ ఏమంది?”

“అరటిపండు ఇమ్మంది.”

“తర్వాత?”

“ఇంకో అరటిపండు ఇమ్మంది.”

“నువ్వెలా ఉన్నావని అడిగిందా?”

“లేదు.”

“కింద వాటా ఆయన కూడా ఎప్పుడూ అడగడు. ఆయనకి భాష రాదంటామా?”

నవ్వాను కానీ, ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. అది నిజంగా మాట్లాడుతోందా, లేక ఏ మీట నొక్కితే ఏం దొరుకుతుందో చూస్తోందా? ఇవ్వు, రా, తలుపు, చక్కిలిగింత. ఎంతసేపూ ఇవే. సరే, ఆ పండితులు చెప్పిందే నిజమేమో అని సర్దుకునేలోగా, ఒక మధ్యాహ్నం దాని గదిలోకి ఆడుకోవడానికి వేసిన పాత పత్రిక ఒకటి తిరగేస్తూ కనపడింది. అటువైపు ఎవరూ లేరు, నేను తలుపు సందులోంచి చూస్తున్నట్టు దానికి తెలీదు. బూట్ల బొమ్మ దగ్గర ఆగి, పిడికిళ్ళు రెండూ కొట్టుకుంది. ‘బూటు’. పేజీ తిప్పింది. పిల్లి బొమ్మ. బుగ్గ దగ్గర మీసం లాగినట్టు చేసింది. అక్కడ ఇచ్చేవాళ్ళు లేరు, పుచ్చుకునేదీ లేదు. మరి ఎవరికి చెబుతున్నట్టు? నాకు ఆ రోజంతా పనిలో మనసు నిలవలేదు.

డాక్టరమ్మ దగ్గర ఇది ఎన్నాళ్ళో దాగలేదు. నన్ను పిలిచి కేకలేస్తుందనుకున్నాను. కేకలేస్తే ఎదురు తిరగడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఆవిడ నన్ను వెనక షెడ్డుకి తీసుకెళ్ళింది. గుంపులో ఇమడనివాళ్ళు ఉండే చోటు అది. ఒక్కొక్కరికీ ఒక్కో గది, ఒక్కో టైరు, ఒక్కో కిటికీ. చివరి గదిలో ఒక మగ చింపాంజీ ఉంటాడు. తన బొచ్చు తనే పీక్కుని, భుజాలూ తొడలూ నున్నగా అయిపోయి, ముందుకీ వెనక్కీ ఊగుతుంటాడు. వాడికి తిండి పెట్టేటప్పుడు నేను మొహం పక్కకి తిప్పుకుంటాను.

“వీణ్ణి కూడా ఎవరో కన్నబిడ్డలా పెంచారు” అంది డాక్టరమ్మ. “ఎండలు ముదిరేలోగా దొరసాని గుంపులో కలవకపోతే ఆ గది ఖాళీ చేయించి ఇక్కడికే తేవాలి. తర్వాత ఇక్కడే, చచ్చేదాకా.”

“అది మాట్లాడుతోందండీ. మీకు అర్థం కాకపోతే...”

“మాట్లాడుతుందో లేదో తేల్చడం నా పని కాదు. పెద్దపెద్దవాళ్ళే తేల్చుకోలేదు. ఎవరితో అన్నదే నాకు కావాలి. నువ్వు సాయంత్రమైతే ఇంటికెళ్తావు. జ్వరమొస్తే రావు. ఇంకెక్కడో మంచి ఉద్యోగం దొరికితే అసలే రావు. వాళ్ళు ఎక్కడికీ పోరు. నీతో మాట్లాడినంతసేపూ అది వాళ్ళకి వీపు పెట్టి కూర్చుంటోంది. నువ్వు చూడటం లేదు కానీ వాళ్ళు చూస్తున్నారు.”

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం.

చేతులు జేబుల్లో పెట్టుకో అంది. నా చేతులు జేబుల్లో ఆగేవి కావు. అందుకని ఆ వైపు వెళ్ళినప్పుడల్లా రెండు చేతులా రెండు బక్కెట్లు పట్టుకోవడం మొదలుపెట్టాను. పనుంటే పండ్ల బక్కెట్లు, పని లేకపోతే నీళ్ళు నింపుకుని. ఖాళీ బక్కెట్టయితే కింద పెట్టేస్తానని నాకు నామీద అనుమానం.

ఈ సంగతి మా ఆయనకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు.

మా ఆయన చదివిన బడిలో చేతులతో మాట్లాడటం నిషేధం. పిల్లలంతా వినపడనివాళ్ళే, కానీ నోటితోనే మాట్లాడాలి. చేతులు అలవాటైతే నోరు రాదని, రేపు లోకంలో ఎవరితోనూ బతకలేరని పెద్దవాళ్ళ భయం. మాట వినని పిల్లల చేతులు వెనక్కి విరిచి మెత్తటి గుడ్డతో కట్టేవాళ్ళు. మా ఆయన మాట వినని పిల్లాడు. ముడి వేసే టీచరమ్మ చెడ్డదేమీ కాదట. సాయంత్రం విప్పాక మణికట్లు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, ఎరుపు పోయేదాకా రుద్దేదట.

నేను చెప్పిందంతా మా ఆయన విన్నాడు, అంటే చూశాడు. తర్వాత, “ఇప్పుడు టీచరమ్మవి నువ్వా?” అన్నాడు.

“అది వేరు, ఇది వేరు. వాళ్ళు దాని సొంతవాళ్ళు. ‘బస్టాండులో మొదటిసారి నాలాంటివాళ్ళని కలిసిన రోజే నేను పుట్టాను’ అంటావుగా నువ్వు. దానికి కూడా దాని వాళ్ళు దొరకద్దా?”

“నన్ను నావాళ్ళ దగ్గరికి చేర్చింది చేతులు. ముడి కాదు.”

నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే కళ్ళు మూసుకున్నాడు. మా ఇంట్లో అంతకంటే పెద్ద తలుపు లేదు.

దొరసాని మొదట్లో ఓపిగ్గా అడిగింది. ‘రా.’ ‘ఇవ్వు.’ ‘నువ్వు, చక్కిలిగింత.’ నాకు కనపడటం లేదేమో అనుకుని ఊచల ఆ చివరికి వెళ్ళి మళ్ళీ చేసింది. చేతుల్ని నా కళ్ళెదురుగా పైకెత్తి చేసింది. నేను బక్కెట్లు మోసుకుంటూ, బాబాయితో వాతావరణం గురించి గట్టిగట్టిగా మాట్లాడుతూ తిరిగాను. కొన్నాళ్ళకి అది అరవడం మొదలుపెట్టింది, తర్వాత అరుపూ మానేసింది. ఒక రోజు నేను కుళాయి దగ్గర ఉంటే, పిడికిలి గుండె మీద పెట్టుకుని గుండ్రంగా రుద్దుకుంది.

‘తప్పయింది.’

ఆ ఇంట్లో ఏదైనా విరగ్గొడితే అలా చెప్పమని నేర్పి ఉంటారు. నేను అటు తిరగలేదు. నిండిపోయిన బక్కెట్లోకే నీళ్ళు వదులుతూ నిలబడ్డాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు, ఆ చెయ్యి కదిలితే ఏం మాట్లాడుతుందో నాకే తెలీదు. నా వెనకాల అది రుద్దుకుంటూనే ఉంది. తప్పయింది. తప్పయింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. ఆవిడ నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. “ఆ ఇంట్లో ఆ సైగ చేస్తే గది తలుపు తీసేవాళ్ళట. తన దగ్గరున్న తాళంచెవులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూస్తోంది. అంతే.”

“మనుషులు మాత్రం ఇంకెందుకు చెప్తారండీ తప్పయిందని?”

“నాకూ నిద్ర పట్టడం లేదు” అంది డాక్టరమ్మ. ఇంటికెళ్ళాక మా ఆయనకి ఈ ఒక్క సంగతి చెప్పలేదు. అప్పటికి మేం తిన్నావా, తిన్నాను, గ్యాసు కట్టేశావా దగ్గర ఆగిపోయాం.

గుంపులో గయ్యాళి అని ఒకతి ఉంది. ముసల్ది, ప్రయోగశాల నుంచి వచ్చింది, ఎవరితోనూ పడదు. గుంపుని ఏలే పెద్ద మగవాడు కూడా దాని జోలికి పోడు. ఒక మధ్యాహ్నం దొరసాని జాలీకి వీపు ఆనించి దుప్పటి మీద కూర్చుని ఉంటే, గయ్యాళి అవతలనుంచి వచ్చి, జాలీ సందులోంచి వేలు దూర్చి, దాని వీపు మీద బొచ్చు పాయ తీసింది. పేలు చూడటం అన్నమాట. వాళ్ళలో పలకరింపూ అదే, బుజ్జగింపూ అదే. దొరసాని ఎగిరి పడింది. వెనక్కి తిరిగి గయ్యాళిని చాలాసేపు చూసింది. తర్వాత వేళ్ళు చాపి, ఒక చేత్తో తన రెండో చేతి వెనకవైపు గీరి, ‘చక్కిలిగింత’ అంది. గయ్యాళికి.

గయ్యాళి ఆ చేతిని కాసేపు చూసింది. సందులోంచి దాన్ని పట్టుకుని, వాసన చూసి, మెల్లగా వేళ్ళ మధ్య పేలు వెతకడం మొదలుపెట్టింది. దొరసాని చెయ్యి లాక్కోలేదు. నేను రెండు బక్కెట్లతో అలాగే నిలబడిపోయాను.

ఆ తర్వాత జాలీ తలుపు తీశాం. కరుచుకోవడాలు, వెంటపడటాలు, చెవి చిరగడం, అన్నీ అయ్యాయి. ప్రతి గొడవలోనూ గయ్యాళి అడ్డం వచ్చింది. ఎండలు ముదిరేసరికి దొరసాని దుప్పటి గదిలోనే ఉండిపోయింది. చేతుల్లో మాట కూడా అక్కడే ఉండిపోయింది. ఇప్పుడా చేతులు చెట్టెక్కడానికీ, గయ్యాళి వీపు మీద పాయ తీయడానికీ. డాక్టరమ్మ నన్ను గట్టిగా కావలించుకుంది. నాకు సంతోషంగానే ఉంది, నిజంగానే. అయినా ఎవరో పోయిన ఇంట్లోంచి వచ్చినట్టు ఇంటికి వచ్చాను.

“గుంపులో కలిసింది” అని మా ఆయనకి చెప్పాను.

“చూపించు” అన్నాడు.

ఆవరణకి ఒకవైపు పెద్ద అద్దం ఉంది, ఉద్యోగుల ఇళ్ళవాళ్ళు వచ్చి చూడొచ్చు. డాక్టరమ్మ సరేనంది. కానీ అక్కడ చేతులు కదపకూడదంది. గేటు దగ్గర ఆ మాట మా ఆయనకి నేనే చెప్పాల్సి వచ్చింది. నా చేతుల్తో. “లోపల చేతులు కదపకు.” చెబుతుంటేనే సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. “మాట ఇవ్వను” అన్నాడు.

మేం వెళ్ళేసరికి చింపాంజీలు నీడలో పడుకుని ఉన్నాయి. ఏది అన్నట్టు ఆయన కనుబొమలెగరేశాడు. నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. “అదిగో, ఆ ముసల్దాని ఒళ్ళో తల పెట్టుకుని, చూశావా, వట్టి నేల మీద!” అన్నాను. అనేశాక తెలిసింది. సెలవు రోజు, చేతుల్లో బక్కెట్లు లేవు.

దొరసాని తలెత్తింది.

లేచి నడిచి వచ్చింది. అద్దానికి మొహం ఆనించి నా చేతుల్ని ఒకసారి చూసింది, వదిలేసింది. నా సంగతి దానికి తెలిసిపోయింది కదా. మా ఆయన ముందు నిలబడింది. ‘రా’ అంది. ‘నువ్వు, రా.’ ఆయన కదల్లేదు. అప్పుడది పిడికిలి గుండె మీద పెట్టుకుని రుద్దుకుంది. ‘తప్పయింది.’

ఆయన గిరుక్కున నా వైపు తిరిగాడు. ఇది నువ్వు చెప్పలేదు అంటున్నాయి కళ్ళు. మళ్ళీ దానివైపు తిరిగాడు. చేతులు గుండె దాకా లేచాయి. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. నీ తప్పేం లేదు. నేను చూస్తున్నాను. నాకు అర్థమవుతోంది. చిన్నప్పుడు తనకి ఎవరూ చెప్పనివన్నీ. వద్దు అని చెప్పాలన్నా నాకు చేతులే కావాలి. నేను బొమ్మలా నిలబడ్డాను.

అవతల నీడలో గయ్యాళి లేచి కూర్చుంది. దొరసాని వీపుని చూస్తోంది. పెద్ద మగవాడు కూడా లేచాడు, భుజాల మీద బొచ్చు నిక్కబొడుచుకుంది. గయ్యాళి పెదాలు ముందుకు చాపి ఏదో కూత పెట్టింది. మా ఆయనకి అది వినపడదు. కానీ ఆ మొహం కనపడింది. ఆయన గయ్యాళిని చూశాడు, దొరసానిని చూశాడు, మళ్ళీ గయ్యాళిని చూశాడు.

లేచిన చేతుల్ని మెల్లగా దించి, వీపు వెనక్కి తీసుకెళ్ళి, ఒక చేత్తో రెండో చేతి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. సరిగ్గా ముడి ఉండే చోట.

దొరసాని ఆ చేతుల కోసం చూసింది. తల ఒకవైపు వంచి, తర్వాత రెండోవైపు వంచి, ఎక్కడికి పోయాయా అని ఆయన వెనక్కి తొంగిచూడబోయింది. ఆయన కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటాడనుకున్నాను. బుగ్గల మీంచి నీళ్ళు కారుతుంటే దాన్నే చూస్తూ నిలబడ్డాడు. గయ్యాళి వచ్చి దొరసాని నడుం మీద చెయ్యి వేసింది. అది ఇంకోసారి గుండె రుద్దుకుంది, ఈసారి సగమే. ఆ తర్వాత ఇద్దరూ నీడలోకి వెళ్ళిపోయారు.

బస్సులో ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక పొడి చేతుల్నే తువ్వాలుతో తుడుచుకున్నాడు. నాకు తెలిసిపోయింది, మాట్లాడబోతున్నాడని.

“ఆ టీచరమ్మ మణికట్లు ఎందుకు రుద్దేదో ఇవాళ తెలిసింది” అన్నాడు. “అయినా ఆవిణ్ణి క్షమించలేను.”

“మరి నన్ను?”

ఆయన నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, బక్కెట్ల పిడులకి కాయలు కాసిన అరచేతుల్ని చూసి, మణికట్లు రుద్దడం మొదలుపెట్టాడు. ఆయన నా చేతులు వదిలేదాకా ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేకపోయాం.